టికెట్ వంద దాటకూడదా? ఫుగాజీ పద్ధతి బెంగళూరులో నడుస్తుందా?

బేస్_బాబాయ్:
మా బ్యాండ్‌లో గొడవ. పాటల దగ్గర కాదు, టికెట్ దగ్గర. వచ్చే నెల ఇందిరానగర్‌లో ఒక పబ్‌లో షో ఉంది. వాళ్లు 499 పెట్టమంటారు, మా డ్రమ్మర్ వంద దాటితే వాయించనంటాడు. వాడికి ఫుగాజీ పిచ్చి. పోస్ట్ పంక్ అనండి, పోస్ట్ హార్డ్‌కోర్ అనండి (రెండూ పంక్ రాక్‌లోంచి పుట్టినవే), వాషింగ్టన్ రాక్ బ్యాండ్ అది. 1987లో మొదటి షో, 2002 నవంబరులో లండన్‌లో ఆఖరిది. చాలా షోలకు టికెట్ ఐదు డాలర్లే, ఏ వయసు వాళ్లయినా రావచ్చు. మనకు కుదురుతుందా?

హెబ్బాళ_హేమ:
కుదరదు. వాళ్లలో పాడే ఇయన్ మెకైకి సొంత లేబుల్, అంటే రికార్డులు వేసే కంపెనీ ఉంది, 1980లో స్నేహితుడితో కలిసి పెట్టిన డిస్కార్డ్ (చాట్ యాప్ కాదండోయ్). రికార్డు అమ్మితే డబ్బు ఇంటికే. మీ పాటలు జనం ఫోన్లో ఊరికే వింటారు. టికెట్ కూడా తగ్గిస్తే తినేదేంటి?

అనంతపురం_యాంప్:
హేమగారూ, సగమే చెప్పారు. వాళ్లకు మేనేజర్ లేడు. మెకైనే ఫోన్లు చేసి షోలు మాట్లాడుకునేవాడు. ఎక్కడ వాయించాలో, గేటు దగ్గర ఎంత తీసుకోవాలో వాళ్లే తేల్చుకునేవారు. టీషర్టులు కూడా అమ్మలేదు. ఎవరో "ఇది ఫుగాజీ టీషర్టు కాదు" అని అచ్చేసి అమ్ముకున్నారు! 2011లో పాత షోల రికార్డింగులు ఆన్‌లైన్‌లో పెట్టినప్పుడూ అడిగింది ఐదు డాలర్లే. మనకు గేటు పబ్ వాడిది. వాడికి బీరు అమ్ముడుపోవాలి. 21 నిండని కాలేజీ పిల్లలు బయటే నిలబడాలి. నన్నడిగితే గొడవ పడాల్సింది దీని మీద, 499 మీద కాదు బాబాయ్.

హెబ్బాళ_హేమ:
అయితే హాలు పట్టుకోమంటారా? సౌండ్ అద్దె, పోలీసు పర్మిషన్ ఎవరు చూస్తారు? మా తమ్ముడి బ్యాండ్ సొంతంగా ఒక్క షో పెట్టి ఆరు నెలలు అప్పు తీర్చింది. ఈ పట్టుదలలన్నీ నెలనెలా జీతం పడేవాళ్లకే.

బేస్_బాబాయ్:
అదీ నిజమే. మా డ్రమ్మర్ జీతం మా ముగ్గురి జీతాలు కలిపినంత.

అనంతపురం_యాంప్:
మరి ఆ జీతం ఉన్నవాడే ముందు హాలు అద్దె కట్టాలి! మీ అపార్ట్‌మెంట్‌లో క్లబ్‌హౌస్ లేదా?

బేస్_బాబాయ్:
ఉంది. పదింటికి వాచ్‌మన్ లైట్లు తీసేస్తాడు. అయినా సెక్రటరీగారిని రేపు అడుగుతా. ఆయనకు ఘంటసాల తప్ప ఎవరూ పనికిరారు.