చెప్పు దాకానే చెప్పు: అపెల్లెస్ మాటకు తెలుగు

పలక:
"చెప్పులు కుట్టేవాడా, నీ అచ్చు దగ్గరే ఉండు" అన్న సామెత గ్రీకు చిత్రకారుడు అపెల్లెస్‌దంటారు. ఈ అచ్చేమిటండీ? హల్లుకు తోడబుట్టినదా, పుస్తకాలు వేసేదా? సరైన తెలుగు ఏది?

తాటాకు:
ఆ అచ్చు ఇంగ్లీషు సామెతలోంచి దిగింది. కాలి ఆకారంలో చెక్కిన కొయ్య దిమ్మెను వాళ్ళు లాస్ట్ అంటారు. అపెల్లెస్ కథలో దిమ్మె లేదు, చెప్పే ఉంది. రోమన్ రచయిత ప్లినీ లాటిన్‌లో రాసిన 'ప్రకృతి చరిత్ర' 35వ సంపుటంలోని మాటలివి: "నే సుప్రా క్రెపిదం సూతోర్ యూదికారెత్". నే అంటే వద్దని. సుప్రా అంటే పైన. క్రెపిద, వార్లతో కట్టుకునే గ్రీకు చెప్పు. సూతోర్, కుట్టేవాడు (కుట్టడమనే అర్థమున్న మన సీవనం పుట్టిన ధాతువుకు చుట్టమే). యూదికారెత్, తీర్పు చెప్పడం. మొత్తం కలిపితే "కుట్టేవాడు చెప్పుకు పైన తీర్పు చెప్పరాదు".

తరవాతి వాళ్ళు సుప్రా తీసేసి ఉల్త్రా పెట్టారు. అది "అవతల". దాంతో కంటికి కనిపించే దృశ్యం పోయింది. మొదటి రోజు కుట్టేవాడు అపెల్లెస్ వేసిన పటంలోని చెప్పులో తప్పు పట్టాడు, అపెల్లెస్ దిద్దాడు. ఆ గర్వంతో మర్నాడు మోకాలి కింది కాలికి వంక పెట్టాడు. చూపు చెప్పు మీంచి పిక్క మీదికి పాకింది, అక్కడ అపెల్లెస్ అడ్డుపడ్డాడు. ప్లినీకన్నా ముందే వలేరియుస్ మాక్సిముస్ అనే మరో రోమన్ రచయిత ఇదే కథ, చిత్రకారుడి పేరు లేకుండా, చెప్పాడు. అందులో "అరికాలి పైకి ఎక్కనివ్వలేదు" అని ఉంది. ఎక్కడం అన్న క్రియ చూడండి.

గంటం:
"చెప్పు దాకానే చెప్పు" అంటే? తీర్పు "చెప్పడం" ఎలాగూ కావాలి, శ్లేష ఊరికే దొరికింది.

తాటాకు:
చెవికి బాగుంది. కానీ ప్లినీ వాక్యంలో సంబోధన లేదు; "చెప్పరాదని హెచ్చరించాడు" అన్న పరోక్షపు వాక్యం అది. పైగా తెలుగులో ఎదుటివాడితో చెప్పు మాట ఎత్తితే తిట్టులా వినిపిస్తుంది. విడి సామెతగా వాడండి, కథలో ఇరికించకండి. కులం పేరుతో అనువదించడం అసలే వద్దు. సూతోర్ వృత్తి పేరు, అంతే.

పలక:
"నీ పని నువ్వు చూసుకో" అంటే చాలదా?

తాటాకు:
సగం కథ పోతుంది. అపెల్లెస్ పూర్తయిన పటాన్ని పెర్గులాలో, అంటే వీధికి కనబడే పంచలాంటి చోట, పెట్టి తాను పటం వెనక దాక్కునేవాడు. దారినపోయేవాళ్ళు ఎంచే తప్పులు వినేవాడు, తనకన్నా జనమే జాగ్రత్తగా చూస్తారని. చెప్పు దాకా ఆ కుట్టేవాడి మాటే చెల్లింది.

ప్లినీలో ఆ వెంటనే వచ్చే అలెగ్జాండర్ కథతో పోల్చి చదవండి. రాజు చిత్రశాలకొచ్చి తెలియని సంగతులు మాట్లాడుతుంటే, రంగులు నూరే కుర్రాళ్ళు నవ్వుతున్నారని చెప్పి ఊరుకోమనేవాడట. కుట్టేవాడిని "హెచ్చరించాడు"; రాజుకేమో "కోమితెర్", మర్యాదగా, నచ్చజెప్పాడు. రెండుచోట్లా "అన్నాడు" అని పెట్టేస్తే ప్లినీ చూపిన తేడా మాయమైనట్టే.

గంటం:
మొదటి రోజు తప్పును "ఉంగటం లేదు" అని రాయొచ్చా?

తాటాకు:
కుదరదు. ఉంగటం బొటనవేలిది, చెప్పుకు ఒక్కటే. ప్లినీ వాడింది ఆన్సా, అదీ బహువచనంలో. అడుగు తోలు అంచున వారు దూర్చే ఉచ్చులవి. "లోపలి వైపు ఉచ్చు ఒకటి తక్కువైంది" అనండి. కుడి చెప్పో ఎడమ చెప్పో ఆయన చెప్పలేదు, మీరూ చేర్చకండి.