«వైబర్‌ట్రొయ్»ని తెలుగులో ఏమందాం?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. నేను జర్మనీలో హైల్‌బ్రాన్‌లో ఉంటాను. మొన్న అమ్మావాళ్ళు వస్తే పక్కనే ఉన్న వైన్స్‌బెర్గ్ కోటకు తీసుకెళ్ళాను. ఊరు చిన్నది, చుట్టూ ద్రాక్షతోటలు, పైన కొండ మీద కూలిపోయిన కోట. దాన్ని అందరూ «వైబర్‌ట్రొయ్» అంటారు. అమ్మ కోసం ఆ కథను తెలుగులో రాస్తూ «పతివ్రతల కోట» అని పెట్టాను. ఎందుకో మనసొప్పడం లేదు. ఇంతకన్నా మంచి మాట ఉందా?

జవాబు:
నీకు మనసొప్పకపోవడం సబబేనమ్మా. ముందు కథ తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. 1140లో మూడవ కొన్‌రాడ్ రాజు ఆ కోటను ముట్టడించాడు. కోట అతని విరోధి ఆరవ వెల్ఫ్ పక్షానిది. డిసెంబరు 21న కోట లొంగిపోయింది. మగవాళ్ళకు చావు తప్పదు. ఆడవాళ్ళను మాత్రం, ఎవరు భుజాన ఎంత మోయగలిగితే అంత తీసుకుని వెళ్ళిపొమ్మన్నాడు రాజు. వాళ్ళు సామాను అక్కడే వదిలేసి మొగుళ్ళను భుజాలకెత్తుకుని కొండ దిగారు. రాజుగారి అన్న, స్వాబియా డ్యూక్ ఫ్రెడరిక్, ఇది కుదరదన్నాడు. రాజు ఆడిన మాట మార్చకూడదని కొన్‌రాడ్ వాళ్ళను పోనిచ్చాడు. కొన్ని దశాబ్దాల తరవాత కొలోన్‌లో లాటిన్‌లో రాసిన రాజుల చరిత్రలో ఈ సంగతి ఉంది. నిజంగా జరిగిందా అన్నదాని మీద చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు.

ఇక మాట సంగతి. «వైబ్» అంటే ఆడమనిషి. ఆ రోజుల్లో అందులో చిన్నచూపేమీ లేదు. «ఫ్రావ్» దొరసానులకు వాడే మాట, «వైబ్» మామూలు ఆడవాళ్ళకు. ఇవాళ ఎవరినైనా మొహాన «వైబ్» అంటే తిట్టినట్టే. మన «ఆడది» కూడా అలాగే అయింది కదా! ఆడపడుచు, ఆడబిడ్డ అంటే గౌరవం, ఒట్టి «ఆడది» అంటే ఈసడింపు. ఇంకో పోలిక చూడు. జర్మన్ వ్యాకరణంలో «వైబ్» నపుంసకలింగం. మనమూ «ఆవిడ వచ్చింది», «బండి వచ్చింది» అని ఒకే క్రియ వాడతాం. ఏ సంబంధమూ లేని రెండు భాషలు ఇక్కడ ఒకే దారి పట్టాయి. ఎప్పుడు తలుచుకున్నా నాకు ముచ్చటేస్తుంది.

«ట్రొయ్» దగ్గరే చిక్కంతా. అది మొగుడూపెళ్ళాల మధ్య మాత్రమే ఉండేది కాదు. సామంతుడు ప్రభువుకు, స్నేహితుడు స్నేహితుడికి కట్టుబడి ఉండటం కూడా «ట్రొయ్» అనే. పాతివ్రత్యం అనగానే ఆ కట్టుబాటు ఒక్క భార్య నెత్తినే పడుతుంది. నన్నడిగితే «నమ్మిక» అంటాను. నమ్మినబంటు అన్నప్పుడు ఉన్న అర్థమే ఇందులోనూ ఉంది. నమ్మిక ఇచ్చాడంటే మాట ఇచ్చాడనే. «ఇల్లాళ్ళ నమ్మిక» అని పెట్టి చూడు.

మరొకరు:
మాస్టారూ, నేనొప్పుకోను. సావిత్రి చేసింది కూడా ఇదే కదండీ? నూరుగురు కొడుకులు కావాలని వరం అడిగి, మొగుడు లేకుండా అదెలా కుదురుతుందని యముణ్ణి మాటతోనే కట్టేసింది. ఆవిణ్ణి మనం పతివ్రత అనే అంటాం. «పతివ్రతల కోట»లో తప్పేముంది?

జవాబు:
మంచి మాట అన్నారు. సావిత్రి పోలిక నాకు తట్టలేదు, నిజంగా దగ్గరి పోలికే. కానీ ఒక్కటి గమనించండి. సావిత్రి కథలో యముడు మాట తప్పితే కథే లేదు, కొన్‌రాడ్ మాట తప్పితే ఈ కథా లేదు. «పతివ్రతల» అన్నాక రాజు పేరులో లేకుండా పోతాడు. «నమ్మిక» అంటే ఆడవాళ్ళు నిలబెట్టుకున్నదీ, రాజు నిలబెట్టుకున్నదీ రెండూ ఒకే మాటలో ఇముడుతాయి. అందుకే దాన్ని వదలబుద్ధి కావడం లేదు.

ప్రశ్న అడిగిన అమ్మాయికి ఇంకొక్క మాట. రాజు షరతును అనువదించేటప్పుడు «మోయగలిగినంత» అని ఊరుకోకు, «భుజాన» అన్న మాట తప్పకుండా ఉంచు. ఆ లాటిన్ చరిత్రలోనూ భుజాలనే ఉంది. మనకు «భుజాన వేసుకోవడం» అంటే బరువు మోయడమే కాదు, బాధ్యత తీసుకోవడం కూడా. ఆ రెండో అర్థం జర్మన్లకు ఈ పేరులో దొరకదు, మీ అమ్మగారికి దొరుకుతుంది.

ప్రశ్న అడిగినావిడ:
«ఇల్లాళ్ళ నమ్మిక» అనే రాశానండి. అమ్మకు ఫోన్‌లో చదివి వినిపించాను. కోటలో లావు బురుజు గోడల నిండా వచ్చినవాళ్ళ పేర్లు చెక్కి ఉన్నాయి, గాలికి వాటంతటవే మోగే వీణలూ ఉన్నాయి. వాటిని అక్కడ పెట్టించింది ఆ ఊరి డాక్టరు, కవి యుస్టీనుస్ కెర్నర్. ఆ రోజు అమ్మ అక్కడే చాలాసేపు కూర్చుండిపోయింది. 1525లో రైతుల తిరుగుబాటులో ఆ కోట తగలబడిందనీ, అప్పుడు హెల్ఫెన్‌స్టైన్ ప్రభువు భార్య పసిబిడ్డను ఎత్తుకుని మొగుడి ప్రాణం కోసం ఎంత బతిమాలినా వాళ్ళు వినలేదనీ చెప్పాను. అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తరవాత «ఆవిడకు మాటిచ్చినవాళ్ళు ఎవరూ లేరు కదే» అంది.