తూటా పొడవులో తేడాలు: మొన వరకు కొలవాలా, ఒజైవ్ వరకు కొలవాలా?

ప్రశ్న

నేను టెక్సాస్‌లో ఉంటున్నాను. .308 విన్‌చెస్టర్ రైఫిల్‌తో 300 గజాల దూరంలోని కాగితపు గురి మీద కాలుస్తుంటాను. ఈ మధ్యే ఇత్తడి కేసులో మందు పోసి, పైన బుల్లెట్ కూర్చి, తూటాలను సొంతంగా నింపుకోవడం మొదలుపెట్టాను. మొన దగ్గర సన్నని రంధ్రం ఉండే 175 గ్రెయిన్ల మ్యాచ్ బుల్లెట్లు వాడుతూ, మొత్తం పొడవు 2.800 అంగుళాలు వచ్చేలా సీటింగ్ డైని (ప్రెస్‌కు బిగించి, బుల్లెట్‌ను కేసులోకి దించే అచ్చు) సరిచేశాను. కానీ డైని ముట్టుకోకుండా వరుసగా నింపిన పది తూటాలను కాలిపర్‌తో కొలిస్తే ఒకటి 2.796, మరొకటి 2.805, మిగిలినవి ఆ రెండింటి మధ్య వచ్చాయి. లోపం ప్రెస్‌లో ఉందా, నేను కొలిచే పద్ధతిలో ఉందా? పొడవుగా ఉన్నవాటిని మళ్లీ డైలో పెట్టి కాస్త లోపలికి దించితే సరిపోతుందా?

మొదటి జవాబు

దయచేసి వాటిని దించకండి. అవి బహుశా సరిగానే కూర్చుని ఉంటాయి. మీ బుల్లెట్ల రాగి తొడుగును తయారీలో మొన వైపు దగ్గరకు నొక్కి మూస్తారు కాబట్టి, ఒకే పెట్టెలోని మొనలు కూడా సమంగా ఉండవు. సీటింగ్ డైలోని కడ్డీ మొనను తాకదు. దానికి కొంత కిందుగా, ఏటవాలు భాగం మీద ఆని బుల్లెట్‌ను కేసులోకి నెడుతుంది. కాలిపర్ మాత్రం మొన దగ్గర ఆగుతుంది. అంటే డై ఒకచోట పట్టుకున్నదాన్ని మీరు మరోచోట కొలుస్తున్నారు.

కాలిపర్ దవడకు బిగించే కంపారేటర్ ఒకటి కొనండి. అందులోని రంధ్రం బుల్లెట్ పూర్తి వ్యాసం కంటే కొద్దిగా చిన్నది కాబట్టి, అది ఒజైవ్ మీద, అంటే మొన నుంచి పూర్తి వ్యాసం వరకు ఉండే ఏటవాలు వంపు మీద, ఆ వంపు ముగిసేచోటికి దగ్గరగా ఆగుతుంది. కేసు అడుగు నుంచి అక్కడి వరకు వచ్చే అంకెనే మీరు పోల్చుకోవాలి. రంధ్రాల కొలత కంపెనీని బట్టి కొద్దిగా మారుతుంది కనుక, ఇతరుల కంపారేటర్‌లో వచ్చిన అంకెను మీ లక్ష్యంగా పెట్టుకోకండి.

రెండవ జవాబు

పై మాటతో ఏకీభవిస్తున్నాను. అయినా మొత్తం పొడవును పూర్తిగా వదిలేయకూడదు, ఎందుకంటే తూటా మ్యాగజైన్‌లో పడుతుందో లేదో చెప్పేది ఆ కొలతే. ఈ తూటాకు అమెరికా ప్రమాణ సంస్థ సామి నిర్ణయించిన గరిష్ఠ పొడవు 2.810 అంగుళాలు.

లోతును ఇష్టం వచ్చినట్లు మార్చడం ప్రమాదకరం. బుల్లెట్ లోపలికి దిగినకొద్దీ కేసులో ఖాళీ తగ్గి పీడనం పెరుగుతుంది. మరీ బయటికి ఉంచి, బారెల్ లోపల మెలికగా సాగే రైఫ్లింగ్ గట్లకు ఆనేలా చేసినా, బుల్లెట్ కదలడానికి ఎక్కువ బలం కావలసి పీడనం పెరుగుతుంది. అందువల్ల లోతు మార్చిన ప్రతిసారీ తూటాలు నింపే మాన్యువల్‌లోని ప్రారంభ పరిమాణానికి మందును తగ్గించి, అక్కడి నుంచే మళ్లీ మెల్లగా పైకి రావాలి. రైఫ్లింగ్ ఎక్కడ మొదలవుతుందో తెలుసుకోవడానికి వాడే తూటాలో మందు గానీ, దాన్ని అంటించే ప్రైమర్ గానీ ఉండనే కూడదు.

భారతదేశంలో ఉండి చదువుతున్నవారు గమనించాలి: అక్కడ 1959 ఆయుధ చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయకూడదు.

ప్రశ్న అడిగినవారు

కంపారేటర్ తెచ్చి అవే పది తూటాలను కొలిచాను. తొమ్మిది 2.214, 2.216 మధ్య వచ్చాయి. మొనతో కొలిచినప్పుడు అన్నిటికన్నా పొట్టిగా, పొడుగ్గా కనబడిన రెండూ ఇప్పుడు ఒకే అంకె చూపించాయి. ఒక్కటి మాత్రం 2.220 వచ్చింది. అది మిగతావాటికంటే ఎక్కువసార్లు పేల్చిన పాత కేసు.

మొదటి జవాబు ఇచ్చినవారు

కారణం దాదాపుగా ఆ కేసే. పదేపదే పేలి, డైలో నలిగిన ఇత్తడి గట్టిపడుతుంది. మెడ బుల్లెట్‌ను బిగించి పట్టుకుంటే, కడ్డీ అంతే నొక్కినా అది కొంచెం పైనే ఆగిపోతుంది. పాత కేసులను విడిగా పెట్టండి, లేదా మెడలను పద్ధతి ప్రకారం వేడిచేసి మెత్తబరిచాక వాడండి. మిగతా తొమ్మిదింటిలో కనిపించే రెండు వెయ్యోవంతుల తేడాలో కొంత కాలిపర్‌ది, కొంత కొలిచేటప్పుడు మీ చేతి ఒత్తిడిది కావచ్చు; దాని కోసం డైని తిప్పవలసిన పని లేదు. ఒక తూటాను అయిదుసార్లు కొలిచి చూడండి, మీ చేతి తేడా ఎంతో తెలిసిపోతుంది.

మందు, ప్రైమర్ లేని నమూనా తూటా ఒకదాన్ని ఇదే కొలతకు చేసి దాచుకోండి. ఇకపై డైని విప్పి మళ్లీ బిగించినప్పుడు దానితో సరిచూసుకోవచ్చు. బారెల్ గొంతు కాల్పులతో అరిగి రైఫ్లింగ్ ముందుకు జరుగుతుంది కాబట్టి, అక్కడి వరకు ఉన్న దూరాన్ని మాత్రం కొన్ని వందల తూటాలకు ఒకసారి మళ్లీ కొలిచి, తేదీతో సహా రాసిపెట్టుకోండి.