ఎన్నికలైపోయినా తుపాకీ ఇంటికి రాదా?

లంక రైతు:
మాది పి.గన్నవరం పక్క లంకండి. అరటి, కంద వేస్తాం. పందులు పడ్డాయంటే తెల్లారేసరికి కంద మడి దున్నినట్టుంటుంది. నాన్నగారి కాలం నుంచీ ఇంట్లో లైసెన్సు తుపాకీ ఉంది. ఒక్క చప్పుడుకే పారిపోతాయి. 2024 మార్చి 16న ఎన్నికల కోడ్ వచ్చింది. స్టేషన్ నుంచి కబురొస్తే అప్పగించి రసీదు తెచ్చుకున్నాను. జూన్ 4న ఫలితాలొచ్చాయి. తుపాకీ మాత్రం వినాయక చవితి వెళ్లాక ఇచ్చారు, గొట్టం నిండా తుప్పు. మా ఇంట్లో ఎవరి మీదా ఒక్క కేసు లేదు. అందరి దగ్గరా ఇలా గుంపగుత్తగా తీసేసుకోవచ్చా?

అమలాపురం టీచరు:
తీసుకోవాలనే అంటానండి. 2022 మే 24న కోనసీమ జిల్లా పేరు మార్పు గొడవలో మా ఊళ్లో మంత్రిగారి ఇల్లు తగలబెట్టారు. పిల్లల్ని పట్టుకుని తలుపులేసుక్కూర్చున్నాం. ఆ గుంపులో ఎవరి చేతిలోనైనా తుపాకీ ఉండుంటే? కోపం రాకముందు అందరూ మంచివాళ్లే. మీ కంద పోతే మళ్లీ వేసుకోవచ్చు.

కాకినాడ వకీలు:
టీచరుగారూ, మీ భయం నిజమే. దానికి చట్టంలో దారి ఉంది, కానీ అది గుంపగుత్త దారి కాదు. ఎన్నికల సంఘం ఆదేశాల ప్రకారం జిల్లాలో స్క్రీనింగ్ కమిటీ ఒక్కొక్కరి లైసెన్సూ పరిశీలించాలి. బెయిలు మీద ఉన్నవాళ్లు, నేర చరిత్ర ఉన్నవాళ్లు, మునుపు అల్లర్లలో ఉన్నవాళ్లు, ముందు వీళ్ల సంగతి చూడాలి. కారణం లేకుండా అందర్నీ అప్పగించమనడం కుదరదని అలహాబాదు హైకోర్టు చాలాసార్లు చెప్పింది. తీసుకున్నవాటికి రసీదివ్వాలి, భద్రంగా ఉంచాలి, ఫలితాలొచ్చిన వారం దాటగానే వెంటనే తిరిగివ్వాలి. అంటే రైతుగారి తుపాకీ జూన్ రెండో వారంలోనే రావాలి.

ఎన్నికలు లేనప్పుడు కూడా 1959 ఆయుధాల చట్టం 22వ సెక్షన్ కింద, శాంతికి ప్రమాదమనిపిస్తే మేజిస్ట్రేటు లైసెన్సున్న ఆయుధాన్నైనా స్వాధీనం చేయించవచ్చు. కాకపోతే కారణాలు ముందు కాగితం మీద పెట్టాలి. 17వ సెక్షన్ కింద లైసెన్సు రద్దు చేసినా అంతే, దాని మీద అప్పీలుంటుంది.

రైతుగారూ, ఒక్కటి చూసుకోండి. స్టేషన్లో ఉండగానే లైసెన్సు గడువు తీరిపోతే ఇక 21వ సెక్షన్ వ్యవహారం అవుతుంది. నిర్ణీత గడువులో తిరిగి తీసుకోకపోతే ప్రభుత్వపరం చేయొచ్చు. ముందు నోటీసిచ్చి 30 రోజుల్లో సంజాయిషీ అడగాలి. ఆ నోటీసు పక్కన పడేసి తాతల నాటి తుపాకులు పోగొట్టుకున్నవాళ్లు నా దగ్గరకొచ్చారు. లైసెన్సు సస్పెన్షన్లో ఉన్నంతకాలం మాత్రం ప్రభుత్వపరం చేయకూడదు. 2019 సవరణ తర్వాత లైసెన్సు మూడేళ్లకి బదులు ఐదేళ్లుంటుంది, మనిషికి రెండు తుపాకులే.

అమలాపురం టీచరు:
కమిటీ నిజంగా ఒక్కో పేరూ చూస్తుందా? గొడవ రాబోతుంటే అంత తీరికెక్కడిది? తీసుకోవడంలో నా మాట మారదండి. ఇవ్వడంలో జాప్యం మాత్రం తప్పే. మూడు నెలలు ఆపితే వచ్చేసారి రైతు అప్పగించడానికి వెనకాడతాడు, అప్పుడు మాకే ముప్పు.

లంక రైతు:
రసీదు ఇంకా నా దగ్గరే ఉందండి. అప్పగించిన తేదీ, తిరిగిచ్చిన తేదీ రెండూ రాసి, తుప్పు ఫొటోలు పెట్టి కలెక్టరుగారికి అర్జీ పెడతాను. లైసెన్సు పుస్తకం కూడా ఇప్పుడే తీసి చూశాను, గడువు వచ్చే సంక్రాంతికే.