సమస్య: చచ్చినట్టివాఁడు సంధ్యఁ బాడె

పానగల్లు మాస్టారు (ఈ వారం సమస్య ఇచ్చింది నేనే):

పాదం ఆటవెలది, నాలుగోది; పై మూడు పాదాలూ మీరు పూరించాలి. విషయం కూడా నేనే కట్టేస్తున్నా: రేడియో కొత్తగా వచ్చిన రోజుల్లో ఒక సాయంత్రం. పాటలు, నాటకం, వాద్యం ఏదైనా సరే. దయ్యాలు మాత్రం వద్దు, పోయిన నెల శ్మశానం పాదం ఇస్తే అందరూ దయ్యాలనే పట్టుకొచ్చారు.

ఈ పాదం నాకెందుకు తట్టిందంటే, ఇటలీ గాయకుడు కరూసో 1910 జనవరి 13న న్యూయార్కు ఒపేరా వేదిక మీద పాడుతుంటే లీ డి ఫారెస్ట్ ఆ పాటను రేడియోలో పంపాడు. విన్నవాళ్లు కొద్దిమందే, అదీ గరగర మధ్య. ఆయన 1921లో పోయాడు, రేడియో ఇళ్లలోకి బాగా వచ్చింది ఆ తర్వాతే. అంటే లోకం రేడియోలో విన్న కరూసో చాలావరకు అప్పటికే లేని కరూసో. అట్లాంటిదే మన ఊరి అరుగు మీద చూపించండి.

షరతు ఒక్కటే. చిక్కుముడి పద్యంలోనే విడాలి, పద్యం కింద రాసే పేరాలో కాదు.

దేవరకొండ నుంచి (తపాలాఫీసులో చేసి రిటైరైన మనిషి):

నమస్కారం మాస్టారూ. మా నాన్న రేడియో లైసెన్సు పుస్తకం ఇంకా నా దగ్గరే ఉంది, అప్పట్లో ఏటా పోస్టాఫీసులో కట్టి స్టాంపు వేయించుకోవాల్సి వచ్చేది. అది ముందు పెట్టుకునే రాసిన.

పళ్ళెమందు గొంతు పదిలమై యుండఁగా
ముల్లు తాకినంత మురిసి లేచి
గాలిలోనఁ దేలి గడపగడపఁ జేరి
చచ్చినట్టివాఁడు సంధ్యఁ బాడె

పానగల్లు మాస్టారు:

మొదటి పూరణే గట్టిగా పడింది. గ్రామఫోను ప్లేటును పళ్ళెం అనడం బాగుంది, యతులు (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం కలవడం) ప–ప, ము–ము, గా–గ అన్నీ చక్కగా కూర్చున్నాయి. మూడో పాదం "చేరి" అని కళతో, అంటే చివర ద్రుతమనే నకారం లేని మాటతో ఆగింది కాబట్టి సమస్యలో మొదటి చకారం జకారమయ్యే ముప్పు లేదు. ఒక్క "మురిసి" దగ్గర నాకు అడ్డం తగిలింది. గొంతు ఎందుకు మురిసింది? అక్కడ మూడు లఘువులు కావాలి గనుక మురిసింది, అంతేగా?

వనపర్తి అక్కయ్య:

మాస్టారూ, "ముల్లు తాకినంత మొలకలెత్తి" అంటే? ము–మొ యతి చెల్లుతుంది కదా. ముల్లు గుచ్చుకున్నచోట మొలక వచ్చిందంటే ఆ గొంతు పళ్ళెంలో విత్తనంలా పడి ఉందని తెలుస్తుంది.

దేవరకొండ నుంచి:

అక్కయ్యా, ఇది నాకు రాలేదు చూడండి. మార్చేస్తున్నా, పద్యం సగం మీదే.

మిర్యాలగూడ బావ:

పద్యం మంచిదే కానీ "గడపగడప" కొంచెం ఎక్కువైంది బావా. 1935 ఫిబ్రవరి 3న హైదరాబాదులో దక్కన్ రేడియో మొదలైనప్పుడు ట్రాన్స్‌మిటర్ శక్తి 200 వాట్లు. ఇవాళ మా ఇంట్లో చట్నీ మిక్సీ అంతకంటే ఎక్కువ కరెంటు తాగుతుంది. అది మన నల్లగొండ జిల్లాలో గడపగడపా ఎట్లా చేరింది? సెట్టు ఉన్న ఇల్లే ఊరికొకటి ఉంటే గొప్ప.

దేవరకొండ నుంచి:

నిజమే, కానీ నేను దక్కన్ రేడియో అని ఎక్కడా అనలేదు. మద్రాసు కేంద్రం 1938 జూన్‌లో వచ్చింది, పొద్దు గూకినంక అది కూడా అందేదని మా నాన్న అనేవాడు. పగలు ఆకాశంలో కింది పొర మీడియం వేవ్‌ను మింగేస్తుంది, చీకటి పడితే ఆ పొర పలచనై తరంగం ఇంకా పైకి పోయి అక్కణ్ణుంచి వెనక్కి తిరిగి ఎక్కడో దూరాన దిగుతుంది, పగలు గురక పెట్టే సెట్టు రాత్రి పాట పాడడం అందుకే. ఇక గడప సంగతి. ఒక్క ఇంట్లో సెట్టు మోగితే నలుగురూ తమ గడపల మీద కూర్చునే వినేవాళ్లు. పెద్దాయన సౌండు పెంచి కిటికీ తెరిచేవాడట, తన సెట్టు గొప్ప అందరికీ తెలియాలని.

మిర్యాలగూడ బావ:

కిటికీ తెరిచాక నేనేమంటా. ఒప్పుకున్న.

కొల్లాపూర్ తమ్ముడు:

అందరికీ దండాలు. నాది రెండో ప్రయత్నం, తిట్టకండి.

బ్యాటరీలు తగ్గి పాట ఆగిపోయె
ఎండలోన పెట్ట ఎక్కె చార్జి
రేడియోను దెచ్చి రేతిరి పెట్టితే
చచ్చినట్టివాఁడు సంధ్యఁ బాడె

పానగల్లు మాస్టారు:

తిట్టను గానీ ఒక్కొక్కటే చూద్దాం తమ్ముడూ. మొదటి పాదం విడదీయి: బ్యాట, రీలు, తగ్గి, పాటఆ, గిపోయె. చివరి గణం లఘువు గురువు లఘువు, అది జగణం; ఈ పాదం చివర రెండూ ఇంద్రగణాలు కావాలి, వాటిలో దానికి చోటు లేదు. "పాట ఆగి" అని సంధి లేకుండా వదిలేశావు కూడా. రెండోదాంట్లో "లోనఁ బెట్ట నెక్కెఁ జార్జి" అని సరళాలు (గ జ డ ద బ), సంధి దిద్దుకో. అసలు తప్పు మూడోది. రేతిరి పెడితే సంధ్యకెట్లా పాడింది? ఇంకొకటి, రేడియో "వాడు" ఎట్లా అయింది? అది వస్తువు, పాదంలో ఉన్నది మగమనిషి.

కొల్లాపూర్ తమ్ముడు:

మా తాత మాత్రం దాన్ని వాడనే అనేటోడు మాస్టారూ. "దక్కనోడు ఇయ్యాల గొంతు పట్టిండు" అనేటోడు. దక్కన్ రేడియో 1950 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం చేతికి పోయినా, తర్వాత ట్రాన్సిస్టర్ కొన్నా, తాతకు అది దక్కనోడే.

వనపర్తి అక్కయ్య:

ఓరి తమ్ముడూ, అంత మంచి ముక్క జేబులో పెట్టుకుని "రేతిరి పెట్టితే" రాస్తావా! దాన్నే పద్యంలో పెట్టు.

కొల్లాపూర్ తమ్ముడు (గంటన్నర తర్వాత):

బ్యాటరీలు తగ్గి పాటాగె నొకసారి
ఎండలోనఁ బెట్ట నెక్కెఁ జార్జి
దక్కనోఁడటంచుఁ దాత పిలుచు సెట్టు
చచ్చినట్టివాఁడు సంధ్యఁ బాడె

పానగల్లు మాస్టారు:

భేష్! తాత పెట్టిన పేరుతో మహద్వాచకం (మగవాణ్ణి చెప్పే మాట) గొడవ పోయింది, రాత్రి గొడవ కూడా పోయింది. "చార్జి" లాంటి మాటలు ఆటవెలదిలో నాకు అభ్యంతరం లేదు.

మిర్యాలగూడ బావ:

నాకుంది, కానీ చార్జి మీద కాదు, ఎండ మీద. ఎండకు పెట్టింది టార్చిలైటు సెల్లుల్లాంటివి, అది ట్రాన్సిస్టర్ కాలం ముచ్చట. మాస్టారు అడిగింది తొలి రోజులు. కరెంటు లేని ఊళ్లల్లో అప్పటి వాల్వు సెట్లకు యాసిడ్ బ్యాటరీ ఉండేది, దాన్ని మోసుకుంటూ పట్నం పోయి చార్జి చేయించుకు రావాలి. మా పెదనాయిన అట్లా ఒకసారి సైకిలు మీద తెస్తూ ధోవతి కాల్చుకున్నాడు, యాసిడ్ తొణికి. ఇంటికొచ్చి కూడా ముందు రేడియో పెట్టి చూసిండట, తర్వాతే ధోవతి.

కొల్లాపూర్ తమ్ముడు:

బావా, ధోవతితోని ఇంకో పద్యం అయితది గదా!

సూర్యాపేట కోడలు (పుట్టిల్లు తెనాలి):

నాకు పద్యాలు రాయడం రాదు, చదవడమే. అయినా ప్రయత్నించాను. అప్పట్లో టేపు లేదు కదా, అన్నీ అప్పటికప్పుడు మైకు ముందు చేయాల్సిందే.

నాటకమునఁ జచ్చె నాల్గింటి కాతండు
మైకు ముందు వేఱె మనిషి లేక
గీతమాలపింపఁ గేకేసి పిలువంగ
చచ్చినట్టివాఁడు సంధ్యఁ బాడె

పానగల్లు మాస్టారు:

రాదంటూనే ఇంత రాశావమ్మా. నాటకంలో చచ్చినవాణ్ణి లేపి లలితగీతానికి నిలబెట్టడం! స్టేజీ మీదయితే చచ్చిన పాత్ర వన్స్‌మోర్‌కు లేచి పద్యం మళ్లీ పాడి మళ్లీ చచ్చేది, నువ్వు దాన్ని స్టూడియోకు తెచ్చావు. పొరపాటు ఒక్కటే, చూడ్డానికి చిన్నది. "పిలువంగ" ద్రుతాంతం, దాని వెనక "చచ్చిన" వస్తే "జచ్చిన" కావాలి, అప్పుడు నేనిచ్చిన పాదం మారిపోతుంది. "కేకేసి పిలిచిరి" అనెయ్, గణం చెడదు, చకారం నిలుస్తుంది.

సూర్యాపేట కోడలు:

"పిలిచిరి"! మార్చేశాను మాస్టారూ, చాలా థాంక్స్.

వనపర్తి అక్కయ్య:

ఇక నాది. కొత్తగా మైకు ముందు నిలబడ్డ ఒక గాయకుడి టెన్షన్.

ఎఱ్ఱబుగ్గ వెలుగ నెగసె గుండెల దడ
నాల్క పిడచఁ గట్టె నవసె మేను
తబల మోగినంతఁ దనను దాను మఱచి
చచ్చినట్టివాఁడు సంధ్యఁ బాడె

మూడో పాదంలో మొదట హార్మోనియం పెట్టాను. తర్వాత గుర్తొచ్చింది, 1940 మార్చి నుంచి ఆలిండియా రేడియోలో హార్మోనియం నిషేధం, 1971 దాకా ఆ తలుపు తెరుచుకోలేదు. ఎందుకొచ్చిన పేచీ అని తబలా పెట్టాను.

సూర్యాపేట కోడలు:

అక్కా, గాయకుడి బుగ్గ ఎర్రబడితే గుండె దడ వచ్చిందా? సిగ్గా?

వనపర్తి అక్కయ్య:

అయ్యో, మా దగ్గర బుగ్గ అంటే బల్బు తల్లీ! స్టూడియోలో ప్రసారం మొదలైందని వెలిగే ఎర్రబల్బు. మీ అత్తగారింట్లో "బుగ్గ బందు చెయ్" అనరా?

సూర్యాపేట కోడలు:

అంటారు! పెళ్లయిన కొత్తలో మా అత్తయ్య అట్లా అంటే నేను చెంప తడుముకున్నాను. తెలిసి కూడా పద్యంలో పట్టుకోలేకపోయాను చూడండి.

పానగల్లు మాస్టారు:

బుగ్గ ఉండనీ, అది ఈ పద్యానికి ఊరు చెబుతోంది. కానీ అక్కయ్యా, ఇక్కడ మనిషి భయంతో చచ్చినంత పనయ్యాడు, చావలేదు. "గుండెల దడ" ఉంది కాబట్టి పద్యంలోనే విడింది, ఒప్పుకుంటా. అయినా సమస్యలో ఉన్న పదును కొంచెం మొద్దుబారింది.

మిర్యాలగూడ బావ:

ఇంతమందిని కెలికినంక నేను రాయకపోతే బాగుండదు. హిందుస్తానీ గాయకుడు అబ్దుల్ కరీం ఖాన్ గారి మీద. 1937 అక్టోబరులో పాండిచ్చేరి పోతూ దారిలో ఒంట్లో బాగాలేక సింగపెరుమాళ్‌కోయిల్ స్టేషన్‌లో దిగారు, ప్లాట్‌ఫారం మీదే పాడుతూ పోయారు.

రైలు దిగినచోట రాలెఁ గరీం ఖాను
పాడుకొనుచు నుండి, పాట మిగిలె
నేండ్లు గడచినాక యిల్లంతయును నిండి
చచ్చినట్టివాఁడు సంధ్యఁ బాడె

పానగల్లు మాస్టారు:

బావగారూ, ఛందస్సులో వేలు పెట్టడానికి చోటు లేదు. "పాట మిగిలె" దగ్గర కాసేపు ఆగిపోయాను. కానీ చివరికొచ్చేసరికి ఇబ్బంది పడ్డాను. అంత పెద్ద ఉస్తాదును పేరు పెట్టి చెప్పి, వెంటనే "చచ్చినట్టివాఁడు" అనడం నోటికి రావట్లేదు. తప్పు మీది కాదు, నా పాదానిది.

మిర్యాలగూడ బావ:

రాస్తున్నప్పుడే అనిపించింది మాస్టారూ, పాదం మార్చొద్దన్నారని వదిలేసిన. దేవరకొండాయన పద్యంలో పేరు లేదు, అందుకే అక్కడ ఆ మాట గుచ్చుకోదు.

దేవరకొండ నుంచి:

నా పద్యంలో కూడా ఒక మనిషి ఉన్నాడు, పేరే తెలియదంతే. నాన్న దగ్గర గొంతు పూడుకుపోయిన ప్లేటు ఒకటి ఉండేది, మీద కాగితం ఊడిపోయింది, పాడిందెవరో ఆయనకు కూడా తెలియదు.

పానగల్లు మాస్టారు:

ఆ పద్యానికే ఈ వారం తాంబూలం. "మొలకలెత్తి"కి వనపర్తి అక్కయ్యకు అందులో సగం వక్క.

కొల్లాపూర్ తమ్ముడు:

మాస్టారూ, ధోవతి పద్యం రెండు పాదాలైంది. యాసిడ్‌కు యతి ఏం పెట్టాలె?