సొంతంగా కట్టుకున్న ఆంప్లిఫయర్‌కు తక్కువ ఖర్చులో ఏ స్పీకర్లు, ఏ సబ్‌వూఫర్ కొనాలి?

ప్రశ్న: గోస్తనీ తీరం

అందరికీ నమస్కారం. ఈ వేసవిలో నేను టీడీఏ7294 అనే ఆంప్లిఫయర్ ఐసీలతో (చిప్పులతో) మూడు చానళ్ల ఆంప్లిఫయర్ ఒకటి కట్టుకున్నాను. రెండు చానళ్లు ఎడమ, కుడి స్పీకర్లకు, మూడవది సబ్‌వూఫర్‌కు. ట్రాన్స్‌ఫార్మర్ 24-0-24, 5 ఆంపియర్లది. ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జి, ఫిల్టర్ కెపాసిటర్ల తరువాత మల్టీమీటర్ పెట్టి చూస్తే ప్లస్ వైపు, మైనస్ వైపు 34 వోల్టుల చొప్పున ఉంది. ఐసీలకు మైకా షీట్లు వేసి ఒకే హీట్‌సింక్‌కు బిగించాను. ప్రస్తుతం పాత టీవీలోంచి ఊడదీసిన చిన్న స్పీకర్ల మీద పాటలు వింటున్నాను. హమ్ (గుయ్ మనే శబ్దం) లేదు, హీట్‌సింక్ కూడా చేయి ఆనించగలిగినంత వేడిలోనే ఉంటోంది.

స్పీకర్లన్నింటికీ కలిపి 7,000 రూపాయలకు మించి పెట్టలేను. గది 10 అడుగులు బై 12 అడుగులు. ఎక్కువగా వినేది ఇళయరాజా పాటలు. ఆ బేస్ గిటారు నడక స్వరం స్వరంగా విడిగా వినిపించాలన్నదే నా కోరిక, గోడలు అదరాలని కాదు. మా ఊళ్లోని కారు అలంకరణ దుకాణంలో '1,000 వాట్లు' అని అచ్చువేసిన 12 అంగుళాల సబ్‌వూఫర్ చూపించారు. వెనుక 4 ఓమ్‌లు అని ఉంది. దానికే నా డబ్బులో సగం పైన పోతుంది. ముందు స్పీకర్లుగా కార్ల తలుపులకు బిగించే 6 అంగుళాల జత చాలని కూడా దుకాణదారు అంటున్నారు. వాట్లు ఎక్కువగా ఉన్నది కొంటే నా ఆంప్లిఫయర్‌కు ఏమైనా ఇబ్బందా? సబ్‌వూఫర్ పెట్టె ఎంత కొలతలో చేయించాలి? దయచేసి తెలిసినవారు చెప్పండి.

సమాధానం: పాత రేడియో

గోస్తనీ తీరం గారూ, మైకా షీట్లు వేశానని రాసినప్పుడే మీ మీద నమ్మకం కలిగింది. ఆ ఐసీ వెనుక లోహపు రేకు మైనస్ సప్లైకి కలిసి ఉంటుందని, మైకా లేకుంటే హీట్‌సింక్‌కు కూడా ఆ వోల్టేజి తగులుతుందని తెలియక మొదటి స్విచ్‌తోనే బోర్డు కాల్చుకున్నవాళ్లను చాలామందిని చూశాను.

స్పీకర్ మీద రాసిన వాట్ల అంకెను కాసేపు పక్కన పెట్టండి. అది స్పీకరు లోపలి కాయిల్ (తీగచుట్ట) ఎంతవరకు తట్టుకోగలదో చెప్పే అంకె మాత్రమే, అదీ నిజాయితీగా రాసి ఉంటే. మీ ఆంప్లిఫయర్ ఎన్ని వాట్లు ఇస్తుందో నిర్ణయించేది మీ ట్రాన్స్‌ఫార్మర్, స్పీకర్ ఓమ్‌లు (కరెంటుకు స్పీకరు చూపే నిరోధం). టీడీఏ7294 డేటాషీటులో 70 వాట్ల లెక్క మూడు రకాలుగా ఇచ్చారు: 8 ఓమ్‌లకు 35 వోల్టుల సప్లై, 6 ఓమ్‌లకు 31 వోల్టులు, 4 ఓమ్‌లకు 27 వోల్టులు. మీ దగ్గర 34 ఉంది కనుక మీ బోర్డుకు సహజమైన జోడీ 8 ఓమ్‌ల స్పీకరే. ఇదే సప్లైకి 4 ఓమ్‌లు తగిలిస్తే మొదట్లో శబ్దం పెరిగినట్టే అనిపిస్తుంది కానీ, ఐసీ లోపల ఖర్చయ్యే వేడి కూడా రెట్టింపు అవుతుంది. అరగంట పెద్దగా వినేసరికి లోపలి రక్షణ వ్యవస్థ పాటను మధ్యలోనే ఆపేస్తుంది. 4 ఓమ్‌లే కావాలనుకుంటే 18-0-18 ట్రాన్స్‌ఫార్మర్ వేసుకోవాలి. దాని నుంచి సుమారు 24 వోల్టులు వస్తాయి. ఆ మార్పుకు అయ్యే ఖర్చు స్పీకర్ల మీద పెట్టడమే మేలు.

లోడు మీద సప్లై కొంత దిగిపోయినా, 8 ఓమ్‌ల మీద చానల్‌కు 50 వాట్ల దాకా మీకు వస్తుంది. మీ గదికి అది ఎక్కువే. శబ్దం పెరగాలంటే వాట్లకన్నా ముందు సెన్సిటివిటీ చూడాలి: ఒక వాటుకు ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెళ్లు అన్నది. 87 డెసిబెళ్ల స్పీకరును 50 వాట్లతో మోగించినా, 90 డెసిబెళ్ల స్పీకరును 25 వాట్లతో మోగించినా వినిపించే స్థాయి ఒకటే. కారు సబ్‌వూఫర్లలో ఈ అంకె తరచుగా తక్కువగా ఉంటుంది. పైగా మూసి ఉన్న కారు లోపలి చిన్న గాలి అట్టడుగు బేసును తనంతట తానే పెంచుతుంది. ఆ సాయం మీ గదిలో దొరకదు. 12 అంగుళాల దానికి పెట్టె కూడా పెద్దదే కావాలి, ప్లైవుడ్ ఖర్చు దానికి తగ్గట్టే ఉంటుంది.

నా సలహా 8 అంగుళాల, 8 ఓమ్‌ల వూఫర్. కారు రకమే తీసుకోవలసి వస్తే రెండు కాయిళ్లున్నది, ఒక్కో కాయిల్ 4 ఓమ్‌లది చూడండి. రెండింటినీ సిరీస్‌లో కలిపితే 8 అవుతుంది. పొరపాటున పారలల్‌లో కలిపితే 2 అయి కూర్చుంటుంది, జాగ్రత్త.

ఇక పెట్టె. నా దృష్టిలో బేస్‌లో సగం పెట్టెలోనే ఉంటుంది. ఆస్ట్రేలియాలో పనిచేసిన ఇంజనీర్లు థీల్, స్మాల్ స్థిరపరచిన పారామీటర్లు ఇప్పుడు మంచి వూఫర్లన్నింటికీ కాగితం మీద ఇస్తున్నారు. అందులో మీకు కావలసినవి మూడు: ఎఫ్ఎస్ (పెట్టె లేకుండా వూఫర్ సహజంగా ఊగే ఫ్రీక్వెన్సీ), క్యూటీఎస్ (ఆ ఊపు ఎంత త్వరగా అణుగుతుందో చెప్పే అంకె), వాస్ (కోను పట్టుకు సమానమైన పట్టు ఉన్న గాలి ఘనపరిమాణం). ఉదాహరణకు ఎఫ్ఎస్ 35 హెర్ట్జ్, క్యూటీఎస్ 0.45, వాస్ 40 లీటర్లు అనుకోండి. మూసిన పెట్టెలో బిగించాక ఈ క్యూ అంకె పెరుగుతుంది; సమతూకమైన బేసుకు అది 0.707 కావాలని గురిగా పెట్టుకుంటారు. 0.707ను 0.45తో భాగించి, వర్గం చేసి, ఒకటి తీసివేస్తే సుమారు 1.47 వస్తుంది. వాస్‌ను దానితో భాగిస్తే 27 లీటర్లు. లోపలి కొలత అన్ని వైపులా ఒక అడుగు ఉన్న పెట్టెలో 28 లీటర్ల పైచిలుకు పడుతుంది. అందులో వూఫర్ అయస్కాంతం, బుట్ట ఆక్రమించే చోటు తీసేస్తే దాదాపు లెక్కకు సరిపోతుంది. వడ్రంగికి 'లోపల అడుగు' అని రెండుసార్లు చెప్పండి, వాళ్లు అలవాటుగా బయటి కొలత తీసుకుంటారు. 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ లేదా ప్లైవుడ్ వాడి, లోపలి అతుకులన్నింటికీ ఫెవికాల్‌లో రంపపు పొట్టు కలిపి పూయించండి.

మరొకటి: మీ ఫిల్టర్ కెపాసిటర్ల మీద ఎన్ని వోల్టులు రాసి ఉందో ఒకసారి చూడండి. 35 అని ఉంటే వెంటనే 50 వోల్టులవి వేయండి, ఎందుకంటే కరెంటు 230 దాటి 250కి ఎగసిన రోజున మీ 34 వోల్టులు 37 అవుతాయి.

సమాధానం: కోఠీ బాటసారి

పాత రేడియో గారు చెప్పిన దానికి ముందు స్పీకర్ల సంగతి చేరుస్తాను. కారు తలుపుల స్పీకర్లు కూడా దాదాపు అన్నీ 4 ఓమ్‌లవే కనుక మీకు పనికిరావు. కొత్త వూఫరు, ట్వీటరు (సన్నని శబ్దాల చిన్న స్పీకరు) విడివిడిగా కొని పెట్టెలు చేయించే బదులు, పాత స్టీరియో సెట్ల జత స్పీకర్లను వెతకమని నా సలహా. ఆంప్లిఫయరో సీడీ ప్లేయరో చెడిపోయినందువల్ల, ఏ లోపమూ లేని పెట్టెలు హైదరాబాదు కోఠీ గుజరాతీ గల్లీ చుట్టుపక్కల, ప్రతి ఊరి రిపేరు దుకాణాల అటకల మీద పడి ఉంటాయి. పెట్టె, క్రాసోవర్ (ఏ శబ్దం ఏ స్పీకరుకు వెళ్లాలో విడదీసే సర్క్యూట్), ట్వీటర్ అన్నీ ఒక లెక్క ప్రకారం చేసినవి మీకు చవకగా దొరుకుతాయి.

కొనేటప్పుడు వెనుక 6 లేదా 8 ఓమ్‌లు అని ఉండాలి. రాసింది చెరిగిపోయి ఉంటే మల్టీమీటరు పెట్టండి. 8 ఓమ్‌ల స్పీకరు 6 నుంచి 7 మధ్య చూపిస్తుంది, 4 ఓమ్‌లది 3కి కొంచెం పైన. తరువాత ముందు జాలీ తీసి, కోను చుట్టూ ఉన్న అంచును వేలితో నెమ్మదిగా తాకండి. రబ్బరు అయితే మెత్తగా సాగుతుంది; స్పాంజి అయితే మన ఉక్కకు ఏళ్ల తరబడి నాని అప్పడంలా పొడి అవుతుంది. చివరగా నాలుగు వేళ్లను కోను మీద సమంగా ఆనించి లోపలికి నొక్కి వదలండి. గరగరమని రాసుకుంటే కాయిల్ వంకరపోయినట్టే, ఆ జతను అక్కడే పెట్టేసి రండి. నేను ఈ చివరి పరీక్ష చేయకుండా ఒకసారి ఇంటికి తెచ్చుకున్నాను. ఆడగొంతు పాడినప్పుడు ఏమీ తెలియలేదు, మృదంగం మొదలయ్యాక లోపల బొద్దింక తిరుగుతున్నట్టు వినిపించింది.

సమాధానం: మల్లేశ్వరం తెలుగువాడు

మూసిన పెట్టె అన్న ఒక్క విషయంలో నేను విభేదిస్తాను. అదే 8 అంగుళాల వూఫర్‌ను గొట్టం పెట్టిన పెట్టెలో బిగిస్తే 40 హెర్ట్జ్ దగ్గర స్పష్టంగా ఎక్కువ బేస్ వస్తుంది. 50 వాట్లే ఉన్నప్పుడు ఆ లాభాన్ని వదులుకోవడం ఎందుకు? నేను బెంగళూరు ఎస్పీ రోడ్డులో కొన్న వూఫర్‌కు ప్లంబింగు దుకాణంలో దొరికే పీవీసీ పైపు ముక్కనే గొట్టంగా వాడాను.

సమాధానం: పాత రేడియో

మీ వూఫర్ క్యూటీఎస్ 0.3, 0.4 మధ్య ఉండి ఉంటుంది, అందువల్ల మీకు బాగా కుదిరింది. 0.45, ఆ పైన ఉన్నవాటికి గొట్టం పెడితే ఒక్క స్వరం దగ్గర బుమ్మని ఉబ్బుతుంది, మిగిలిన స్వరాలు దాని వెనుక దాక్కుంటాయి. ప్రశ్న అడిగినవారికి బేస్ గిటారు నడక విడిగా వినిపించాలి. అదీగాక గొట్టం శ్రుతికి (పెట్టెను సరిచేసిన ఫ్రీక్వెన్సీకి) దిగువన కోనుకు గాలి ఆసరా పోతుంది కనుక, కొత్తవారి చేతిలో వూఫర్ చిరిగే ప్రమాదం ఎక్కువ. కాగితం మీద అంకెలు లేని వూఫర్‌కైతే మూసిన పెట్టె తప్ప మరొకటి నేను చెప్పను.

గోస్తనీ తీరం గారికి ఒక చిన్న చిట్కా. ముందు స్పీకర్ల బోర్డుల ఇన్‌పుట్‌లో 0.47 మైక్రోఫారడ్ కెపాసిటరు, గ్రౌండుకు 22 కిలో ఓమ్‌ల రెసిస్టరు ఉంటాయి. ఆ జంట 15 హెర్ట్జ్‌కు దిగువ శబ్దాలను కోస్తుంది. ఆ కెపాసిటరు తీసి 0.1 వేస్తే 72 హెర్ట్జ్ నుంచి కిందికి తగ్గడం మొదలవుతుంది. కొన్ని రూపాయల ఖర్చుతో చిన్న వూఫర్లకు అట్టడుగు బేస్ మోసే బరువు తగ్గుతుంది, ఆ పని సబ్‌వూఫర్ చూసుకుంటుంది. సబ్‌వూఫర్ ఫిల్టరుకు (బేస్‌ను మాత్రమే వదిలే సర్క్యూట్‌కు) ఎడమ, కుడి సంకేతాలను నేరుగా ముడివేయకుండా ఒక్కోదానికి 10 కిలో ఓమ్‌ల రెసిస్టరు పెట్టి కలపండి, లేకపోతే స్టీరియో మొత్తం మోనో అవుతుంది.

ప్రశ్న అడిగినవారు: గోస్తనీ తీరం

మూడు వారాలు పట్టింది, ఆలస్యానికి మన్నించండి. కెపాసిటర్లు నిజంగానే 35 వోల్టులవి. ముందు అవి మార్చాను. పాత స్టీరియో పెట్టెల జత ఒకటి మా బంధువుల ఇంటి అటక మీదే దొరికింది. 6 ఓమ్‌లు, రబ్బరు అంచు, రాపిడి శబ్దం లేదు. అందువల్ల మిగిలిన డబ్బుతో 8 అంగుళాల, 8 ఓమ్‌ల వూఫర్, 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పెట్టె సమకూరాయి. వడ్రంగి మొదట బయటి కొలతే తీసుకున్నారు, పలక కోయకముందే చూసి ఆపాను.

వూఫర్‌తో వచ్చిన కాగితంలో ఎఫ్ఎస్ 35, క్యూటీఎస్ 0.45 అని ఉంది కానీ వాస్ లేదు. అందుకని ఆంప్లిఫయర్‌కు, వూఫర్‌కు మధ్య సిరీస్‌లో 100 ఓమ్‌ల, 2 వాట్ల రెసిస్టరు పెట్టి, ఫోన్‌లోని టోన్ జెనరేటరును తక్కువ శబ్దంలో నడుపుతూ వూఫర్ కొసల మీద ఏసీ వోల్టేజి చూశాను. విడిగా గాలిలో పట్టుకున్నప్పుడు 38 హెర్ట్జ్ దగ్గర అంకె అన్నింటికన్నా పైకి వెళ్లింది. పెట్టెలో బిగించాక ఆ శిఖరం 57కు జరిగింది. ఇది సరైన ఫలితమేనా? ఇంకొక విషయం: సబ్‌వూఫర్ ఆన్ చేస్తే బేస్ పెరగవలసింది పోయి, కొన్ని పాటల్లో పలచబడుతోంది.

సమాధానం: పాత రేడియో

చక్కగా కొలిచారు. 57ను 38తో భాగిస్తే 1.5; దాని వర్గం 2.25లోంచి ఒకటి తీసి 27 లీటర్లతో గుణిస్తే వాస్ సుమారు 34 లీటర్లు. 0.45ను 1.5తో గుణిస్తే 0.68, అంటే 0.707కు బాగా దగ్గర. పెట్టె మార్చవలసిన పనే లేదు. దిండ్లలో నింపే పాలిస్టర్ పీచు లోపల వదులుగా పరిస్తే ఇంకొంచెం మెత్తబడుతుంది. దూది వద్దు, ముద్దకడుతుంది.

బేస్ పలచబడటానికి కారణం సబ్‌వూఫర్ ముందుకు తోసే సమయంలో మిగిలిన రెండూ వెనక్కి లాగుతుండటం. ఆంప్లిఫయర్ ఆపి, సబ్‌వూఫర్ రెండు తీగలను తారుమారు చేసి మళ్లీ అదే పాట వినండి. నిండుగా వినిపించిన పద్ధతినే ఉంచండి. తరువాత ఫిల్టరు నాబ్‌ను 80, 90 హెర్ట్జ్ మధ్య నిలిపి, పెట్టెను గది మూల నుంచి ఒక అడుగు ఇవతలికి జరిపి చూడండి.

ప్రశ్న అడిగినవారు: గోస్తనీ తీరం

తీగలు మార్చాను. మీరు చెప్పిన లోపమే, ఇప్పుడు బేస్ నిండుగా ఉంది. మూలలో అయితే కింది స్వరాలు కొంచెం బరువుగా ఉన్నాయి, ఇప్పుడు పుస్తకాల బీరువా పక్కకు తెచ్చాను. బేస్ గిటారు ఒక్కో మెట్టూ దిగుతున్నట్టు వినిపిస్తోంది. పాలిస్టర్ పీచు కోసం ఆదివారం ఒక పాత దిండు విప్పుతాను.