చెన్నై ఉక్కలో బంగాళాదుంపలు ఎక్కడ పెడుతున్నారు? పచ్చబడినవి తినొచ్చా?

వేళచ్చేరి వంటిల్లు:
ఆఫర్ ఉందని మావారు 5 కిలోల సంచి పట్టుకొచ్చారు. కిటికీ పక్కన బుట్టలో పోశాం. ఇప్పుడు చూస్తే కొన్ని తొక్క కింద పచ్చగా అయ్యాయి, కొన్నిటికి మొలకలు, అడుగున ఒకటి కుళ్లి నీరు కారుతోంది, వంటిల్లంతా ఒకటే కంపు. చెడిందాకా కోసేసి వేపుడు చెయ్యమని ఆయన, మొత్తం పారబొయ్యమని అత్తయ్య. పోయినసారి ఫ్రిజ్‌లో పెడితే వేపుడు తియ్యగా, నల్లగా వచ్చింది. ఏవి ఉంచాలి, ఏవి పారెయ్యాలి?

నెల్లూరమ్మాయి:
అక్కా, ముందు నేల మీద పేపర్ పరిచి బుట్ట మొత్తం బోర్లించు. నీరు కారేదీ, దానికి ఆనుకుని మెత్తబడ్డవీ చెత్తలోకే, సగం కోసి కాపాడే పని పెట్టుకోకు. గట్టిగా ఉన్నవాటికి ఆ నీరు అంటుకుంటే పొడిగుడ్డతో తుడిచి ఆరబెట్టి, బాగా కడిగి చెక్కు తీసి వాటినే ముందు వండెయ్యి. నిలవ పెట్టేవి మాత్రం కడగొద్దు. మొలక చిన్నదై ఉర్లగడ్డ గట్టిగా ఉంటే కన్నుతో సహా లోతుగా తవ్వేసి వాడుకోవచ్చు. ముడతలు పడి, నొక్కితే లోపలికి పోతూ, మొలకలు సాగినవి వద్దు.

చేదు నాలుక:
పచ్చవాటి గురించి. వెలుతురు తగిలితే పత్రహరితం తయారవుతుంది, దాంతో ఏ హానీ లేదు. కానీ అదే వెలుతురుకు సొలనిన్ కూడా పెరుగుతుంది, అది విషం, ఉడికించినా పోదు, మనం ఇంట్లో చేసే వేపుడుకీ పెద్దగా తగ్గదు. ఎక్కువగా ఉండేది తొక్కలో, మొలకల దగ్గర. కాబట్టి పైపైన కాస్త పచ్చగా ఉంటే మందంగా చెక్కేస్తే చాలు, కోశాక లోపల కూడా పచ్చగా కనిపిస్తే పారెయ్యండి. దీనికి చేదే హెచ్చరిక, మనమేమో కారం, మసాలా దట్టించి ఆ చేదు తెలియకుండా చేస్తాం! అందుకే ఉడికించగానే చిన్న ముక్క నాలుకకు తగిలించి చూడండి, చేదుగా ఉన్నా గొంతు మండినా ఉమ్మేసి ఆ గిన్నె పక్కన పెట్టెయ్యండి. తింటే వాంతులు, కడుపునొప్పి, విరేచనాలు. పిల్లలకు కొంచెమైనా ఎక్కువే.

కోయంబేడు సరుకు:
మాది గడ్డల వ్యాపారమేనండీ. ఆగ్రా వైపు ఫిబ్రవరి, మార్చిలో తవ్వింది కోల్డ్ స్టోరేజీలో నెలల తరబడి ఉంచి పంపిస్తారు. అంత చల్లట్లో నిద్రపోయిన గడ్డ మన వేడికి రాగానే మేలుకుంటుంది, ఏడాది చివర్లో వచ్చే సరుకు తొందరగా మొలకెత్తేది అందుకే. ఆ రోజుల్లో కిలో, రెండు కిలోలకు మించి కొనకండి. బొటనవేలితో రుద్దితే తొక్క ఊడొచ్చే కొత్త గడ్డ కూడా నిలవుండదు. ఊటీ గడ్డకు మట్టి ఉంటే ఉండనివ్వండి, వండేటప్పుడు కడుక్కోవచ్చు. ప్లాస్టిక్ కవర్లో మూటగట్టడం మాత్రం వద్దే వద్దు, చెమ్మ పడుతుంది, గాలి బొత్తిగా ఆడకపోతే పైకి బాగున్నా నడిమధ్య నల్లబడుతుంది. గోనెసంచి గానీ చిల్లుల ట్రే గానీ చాలు, స్టవ్‌కీ ఫ్రిజ్ వెనక వేడికీ దూరంగా చీకటి మూలన పెట్టండి. ఉల్లిపాయలు వేరే బుట్టలో.

పల్లావరం ఎండ:
చీకటి మూల అంటారు సరే, మే నెలలో మా ఇంట్లో ఆ మూల కూడా 34 డిగ్రీలు! గడ్డకు హాయిగా ఉండేది 7 నుంచి 10 డిగ్రీలు, అది మనకెక్కడ దొరుకుతుంది? నేనైతే ఎండాకాలం ఫ్రిజ్‌లోనే పెడతాను. చల్లదనానికి పిండిపదార్థం చక్కెరగా మారుతుంది, వేపుడు నల్లబడేది దానివల్లే. అలా మాడేటప్పుడు అక్రిలమైడ్ అనే హానికరమైన పదార్థం పుడుతుందని ఇదివరకు ఫ్రిజ్ వద్దనేవారు, బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ 2023లో ఆ సలహా మార్చుకుని ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చంది. ఫ్రిజ్‌వి కూరకీ పులుసుకీ వాడుకుంటాం, వేపుడుకైతే అప్పటికప్పుడు అరకిలో తెచ్చుకుంటాం.

వేళచ్చేరి వంటిల్లు:
అందరికీ థాంక్స్. ఏరితే సగానికి పైగా బాగానే ఉన్నాయి, ఆయనా అత్తయ్యా ఇద్దరూ శాంతించారు. మొలకలు సాగినవి కుండీలో పెడితే కాస్తాయా?

కోయంబేడు సరుకు:
ఆకు బాగా వస్తుంది, అంతేనండీ. రాత్రిళ్లు 20 డిగ్రీల లోపు చల్లగా ఉంటేనే గడ్డ సరిగ్గా ఊరుతుంది, చెన్నైలో కష్టం. పెడితే మాత్రం ఆ ఆకు కూర వండకండి, అందులోనూ సొలనిన్ ఉంటుంది.